గూళ్ల లోడుకు ముందు బండి సంగతి: ఐడిల్‌లో వణుకు ఎందుకొస్తుంది, ఎలా పట్టుకోవాలి

ఈసారి ఆకు గురించి కాదు, పురుగు గురించీ కాదు. బండి గురించి రాస్తున్నాం. గూళ్లు మార్కెట్‌కు తోలే రోజులు దగ్గర పడ్డప్పుడల్లా గ్రూపులో ఒకే ప్రశ్న వస్తోంది. "రోడ్డు మీద బాగానే లాగుతోందండి, ఆపి నిలబెడితేనే వణుకుతోంది, ఒక్కోసారి ఆగిపోతోంది. ఏం మార్చాలి?" దానికి మేము చెప్పేది ఒకటే. ముందు ఏమీ మార్చొద్దు. ఎప్పుడు వణుకుతోందో చూడండి. బెడ్‌లో పురుగు ఎందుకు మేత మానేసిందో చూడకుండా మందు కొనం కదా, ఇదీ అంతే.

ఊళ్లో సంతకు వెళ్లే బండి ఆగిపోతే తోసుకుని రావచ్చు. గూళ్ల లోడు అలా కాదు. బైవోల్టిన్ పురుగు చంద్రిక ఎక్కిన ఏడెనిమిది రోజులకు గూళ్లు విడదీస్తాం. లోపల ప్యూపా బతికే ఉంటుంది, ఊపిరి పీలుస్తూనే ఉంటుంది, రోజురోజుకీ గూడు బరువు తగ్గుతూనే ఉంటుంది. సంచుల్లో కుక్కి ఎండలో గంటలు నిలబెడితే లోపల వేడి, చెమ్మ పట్టి గూడు మచ్చ పడుద్ది. ఇంకా కొన్ని రోజులు ఆలస్యమైతే చిలుక గూడు తొలుచుకుని బయటికి వస్తుంది, ఆ గూడు రీలింగ్‌కు పనికిరాదు. అందుకే చల్లపూట బయల్దేరి, చల్లపూటే మార్కెట్ చేరాలని చూస్తాం. యానాం నుంచి ఎదుర్లంక వంతెన దాటి, అమలాపురం, రావులపాలెం మీదుగా హైవే ఎక్కి హనుమాన్ జంక్షన్ మార్కెట్‌కు పోయేవాళ్లకు తెలుసు. బండి పరుగెత్తేటప్పుడు పరవాలేదు. కలపర్రు టోల్‌గేటు దగ్గర వరసలో నిలబడ్డప్పుడే ఐడిల్ జబ్బు బయటపడుద్ది.

మన బండ్లకు ఇంకో ఇబ్బంది ఉంది. ట్రావెల్స్ బండి రోజూ తిరుగుతుంది. మన వ్యాను పంట నడిచే ఇరవై అయిదు రోజులూ షెడ్డు పక్కన పడి ఉంటుంది, పంట అయ్యాక ఒక్కసారే దూరం పోవాలి. ఆ ఇరవై అయిదు రోజుల్లో బ్యాటరీ నీరసపడుద్ది, ఎలుకలు కాపురం పెడతాయి, గోదారి గాలికీ ఉప్పు చెమ్మకీ తీగల కొసలు పచ్చబారతాయి. పైగా ఆ బండిలోనే బ్లీచింగ్ పౌడర్ బస్తా, సున్నం బస్తా తెస్తాం.

ఐడిల్ అంటే ఏమిటో ఒక్కసారి చెప్పుకుందాం. యాక్సిలరేటర్ మీద కాలు లేనప్పుడు ఇంజిన్ తనంతట తాను తిరిగే వేగం అది. వేడెక్కిన పెట్రోలు ఇంజిన్ చాలా బండ్లలో నిమిషానికి 700 నుంచి 900 చుట్లు తిరుగుతుంది. అప్పుడు గాలి లోపలికి వెళ్లే తలుపు, అంటే థ్రాటిల్, దాదాపు మూసే ఉంటుంది. ఇంజిన్ గట్టిగా పీలుస్తుంది, దొరికే గాలి కొంచెమే. ఆ కొంచెం గాలికి సరిపడా పెట్రోలును కంప్యూటర్ లెక్కగట్టి పోస్తుంది. ఇప్పుడు ఏదో రబ్బరు పైపుకు అగ్గిపుల్ల పట్టేంత చీలిక ఉందనుకోండి. అక్కడినుంచి దొంగగాలి దూరుతుంది. హైవేలో ఇంజిన్ పీల్చే గాలిలో ఆ దొంగగాలి లెక్కే కాదు. ఐడిల్‌లో మాత్రం అదే పెద్ద వాటా అయిపోద్ది.

చాకీ పురుగును తలుచుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఐదో దశ పురుగు కాస్త వాడిన ఆకు ఒక పూట తిన్నా తట్టుకుంటుంది. చాకీలో తేమ కాస్త తగ్గినా, ఆకు కాస్త ముదిరినా వెంటనే తేడా కనబడుద్ది. ఇంజిన్‌కు ఐడిల్ చాకీ దశ లాంటిది. గాలిలో గానీ, నిప్పులో గానీ, పెట్రోలులో గానీ చిన్న లోపం ఉంటే ముందు అక్కడే తెలుస్తుంది. "రేసు ఇస్తే బాగానే ఉంది కదా" అని వదిలేయకూడదు, బాగానే ఉన్నట్టు కనబడుతోంది అంతే.

ఇక చూడటం. బండిని షెడ్డుకు దూరంగా, ఆరుబయట, చదునైన చోట నిలపండి. పొగ పురుగుకూ మంచిది కాదు, మూసిన చోట మనిషికి ప్రాణాంతకం. కింద ఎండిన మల్బరీ పుల్లలు, గడ్డి లేకుండా చూసుకోండి, సైలెన్సర్ వైపు భాగాలు బాగా కాలతాయి. హ్యాండ్ బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో పెట్టి స్టార్ట్ చేయండి. మెడలో తువ్వాలు తీసేయండి, లుంగీతో ఇంజిన్ దగ్గరికి రావొద్దు, బెల్టు లాగేస్తుంది. కొన్ని బండ్లలో రేడియేటర్ ఫ్యాను ఇంజిన్ ఆపాక కూడా తిరుగుద్ది, మరిచిపోవద్దు.

మొదట మీటరులో ఆర్‌పీఎం ముల్లు చూడండి. (మీటరులో ముల్లు లేని బండ్లకు చెవే ముల్లు.) ముల్లు కదలకుండా ఒకేచోట ఉండి, చప్పుడు కూడా సమంగా ఉండి, బండి బాడీ మాత్రం వణుకుతుంటే ఇంజిన్‌కు జబ్బు లేదు. ఇంజిన్‌ను పట్టి ఉంచే ఫౌండేషన్ రబ్బర్లు అరిగాయో, చిరిగాయో చూడాలి. ఇది తెలియక ప్లగ్గులు మార్చి, ఇంజెక్టర్లు కడిగించి, చివరికి వణుకు అలాగే ఉన్నవాళ్లు ఉన్నారు. ముల్లు ఎక్కి దిగుతూ ఉన్నా, చప్పుడులో మధ్యమధ్య ఒక దెబ్బ తప్పుతున్నట్టు ఉన్నా అప్పుడు ఇంజిన్ లోపలి సంగతి.

పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడే వణికి, వేడెక్కాక సర్దుకుంటోందా? లేక వేడెక్కాకే మొదలవుతోందా? చల్లగా ఉన్నప్పుడు రబ్బరు బిగుసుకుని ఉంటుంది, చీలిక తెరుచుకుంటుంది, వేడికి సాగి కొంచెం మూసుకుంటుంది. ప్లగ్గులు నీరసంగా ఉన్నా చల్లపూటే ఎక్కువ తెలుస్తుంది. వేడెక్కాకే మొదలైతే కాయిల్ మీద అనుమానం పెట్టుకోవాలి, కాయిల్ లోపలి చుట్ట వేడికి తేడా చేస్తుంది. ఏసీ వేసినప్పుడే ఇంజిన్ కుంగిపోతోందంటే థ్రాటిల్ దగ్గర మసి పట్టి, అవసరమైనంత గాలి అందడం లేదని ఎక్కువసార్లు అర్థం.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది. ఐడిల్‌లో ఉండగా బ్రేకు తొక్కి పట్టుకోండి. తొక్కగానే ఐడిల్ మారిపోతోందా, కాలి దగ్గర గాలి జారుతున్న 'సుయ్' చప్పుడు వస్తోందా, పెడల్ రాయిలా గట్టిగా ఉందా? బ్రేకు తేలిగ్గా పడటానికి బూస్టర్ అని ఒకటి ఉంటుంది, దానికి ఇంజిన్ నుంచి ఒక లావాటి వ్యాక్యూమ్ పైపు వెళుతుంది. ఆ పైపు చీలితే ఐడిల్ వణుకుద్ది, బ్రేకు కూడా గట్టిపడుద్ది. మా వ్యానుకు ఒక వేసవిలో ఇదే జరిగింది. ఒక మెకానిక్ షెడ్డులో ఇంజెక్టర్లు నాలుగూ మార్చాలన్నారు. సరే, పైపులు చూశాక మారుద్దాం అన్నాం. టార్చిలైటు వేసి చూస్తే బూస్టర్ పైపు క్లిప్పు పక్కన ఎలుక కొరికిన గాట్లు. ఆ ఒక్క పైపు మార్చేసరికి ఐడిల్ సర్దుకుంది. ఇంజెక్టర్ల ఖర్చు తప్పింది సరే, లోడుతో వంతెన దిగేటప్పుడు బ్రేకు పట్టకపోతే ఏమయ్యేదో. అందుకే పెడల్ గట్టిపడితే ఆ బండిని ఆ రోజు రోడ్డెక్కించొద్దు. ఇందులో రాజీ లేదు.

మిగతా చిన్న వ్యాక్యూమ్ పైపులు కూడా ఒక్కొక్కటే చేత్తో వంచి చూడండి, ఇంజిన్ ఆపి. చీలిక ఎక్కువగా కొసల్లో, వంపుల్లో ఉంటుంది. కంటికి కనబడకపోతే ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా, చిన్న స్ప్రే సీసాతో మంచినీళ్లు పైపుల కొసల మీద కొంచెం కొంచెం చిలకరించండి. ఎక్కడ పడ్డప్పుడు చప్పుడు మారిందో అక్కడ దొంగగాలి ఉంది. తీగల జాయింట్ల మీద, కాయిల్ మీద నీళ్లు పడనీయొద్దు. కొందరు కార్బ్ క్లీనర్ కొట్టి చూస్తారు, వేడి ఇంజిన్ మీద అది అంటుకునే సరుకు, మేము వద్దంటాం. ఇంకో మాట, దొంగగాలి వల్ల అన్ని బండ్లూ వణకవు. కొన్నిట్లో ఐడిల్ 1200, 1500 దాకా లేచి కూర్చుంటుంది, లేదా ఉయ్యాల ఊగినట్టు ఎక్కి దిగుతూ ఉంటుంది. అదీ ఈ జబ్బే.

తర్వాత బ్యాటరీ కొసలు, ఇంజిన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్తింగ్ వైరు. తెల్లగా, పచ్చగా పొడి పట్టి ఉంటే బ్యాటరీ మైనస్ వైరు తీసి, గరుకు కాగితంతో రుద్ది, బిగించి, పైన కొంచెం వేజ్‌లైన్ రాయండి. యానాం, తాళ్లరేవు, కోరంగి వైపు ఉప్పుగాలి బండ్లకు ఇది ఏడాదికి రెండుసార్లయినా కావాలి. బ్లీచింగ్ బస్తా రాత్రంతా మూసిన వ్యానులో ఉంచితే ఆ ఘాటుకు రాగి తీగలు ఇంకా తొందరగా చెడతాయి. తెచ్చిన రోజే దించేసి తలుపులు తెరిచి పెట్టండి.

ఎయిర్ ఫిల్టర్ విప్పి వెలుగుకు ఎదురుగా పట్టండి. ఓమ్నీ, ఈకో లాంటి వ్యానుల్లో ఇంజిన్ ముందు సీట్ల కిందే ఉంటుంది. సున్నం బస్తా చిరిగి బండిలో పొడి రాలితే అది ఇంజిన్ చుట్టూ చేరుద్ది. ఫిల్టర్ మొత్తం తెల్లగా మూసుకుపోతే దులపడం దండగ, మార్చేయండి.

ఇక ప్లగ్గులు. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే విప్పాలి, లేకపోతే హెడ్‌లో మర పోద్ది. నాలుగు ప్లగ్గులు (ఓమ్నీకి మూడే) ఏ సిలిండర్‌వి ఆ వరసలోనే బల్ల మీద పెట్టండి. ముక్కు లేత ఇటుక రంగులోనో, బూడిద రంగులోనో ఉంటే ఆరోగ్యం. పొడి నల్లమసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ కాలుతోంది, గాలి తక్కువ. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ, అంటే దొంగగాలి మళ్లీ వెతకాలి. నూనె తడి ఉంటే ఇంజిన్ ఆయిల్ లోపలికి దిగుతోంది. నాలుగూ ఒకేలా ఉంటే జబ్బు అందరిదీ. ఒక్కటే వేరుగా ఉంటే జబ్బు ఆ సిలిండర్‌ది. బెడ్ అంతా మేత మానేయడానికీ, ఒక మూల పురుగు మాత్రమే మానేయడానికీ తేడా లేదూ? అలాగే. కొత్తవి వేస్తే కంపెనీ పుస్తకంలో రాసిన నంబరే వేయండి, గ్యాప్ కూడా ఆ పుస్తకం ప్రకారమే.

ఒక్క సిలిండర్ మీద అనుమానం వచ్చిందా, కాయిల్ మార్పిడి పరీక్ష చేయండి. ఒక్కో ప్లగ్గు మీద ఒక్కో కాయిల్ కూర్చునే బండ్లకు ఇది బాగా పనికొస్తుంది. ఇంజిన్ ఆపి, అనుమానం ఉన్న కాయిల్‌ను పక్క సిలిండర్‌కు, పక్కదాన్ని దీనికి వేయండి. స్టార్ట్ చేశాక మిస్సింగ్ పక్క సిలిండర్‌కు మారిందంటే తప్పు కాయిల్‌దే. మారకపోతే ప్లగ్గును, ఆ తర్వాత ఇంజెక్టర్‌ను ఇలాగే చూడాలి. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. నడుస్తున్న ఇంజిన్ మీద కాయిల్ చేత్తో పీకి చూడటం మాత్రం వద్దు. షాకు వేల వోల్టుల్లో ఉంటుంది, కాలని పెట్రోలు సైలెన్సర్‌లోని కన్వర్టర్‌కు పోయి దాన్ని చెడగొడుతుంది.

మిస్సింగ్ ఏ సిలిండర్‌దో తెలియకపోతే స్కానర్ సాయం తీసుకోండి. 2013 తర్వాతి పెట్రోలు కార్లకు స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్ ఉంటుంది. చిన్న బ్లూటూత్ పరికరం పెడితే ఫోనులోనే కోడ్ చదవొచ్చు. పీ 0301 అంటే ఒకటో సిలిండర్ మిస్సింగ్, 0302 రెండోది, అలా. పీ 0300 అంటే ఒకటి కాదు, అక్కడా ఇక్కడా తప్పుతోంది. పీ 0171 అంటే పెట్రోలుకు మించి గాలి వస్తోంది. ఒక జాగ్రత్త చెప్పాలి. కోడ్ జబ్బు ఎక్కడుందో చెబుద్ది గానీ ఏ సామాను మార్చాలో చెప్పదు. 0171 వచ్చిందని ఆక్సిజన్ సెన్సర్ మార్చేసే షాపులు ఉన్నాయి, చీలిన పైపు మాత్రం అలాగే ఉంటుంది.

సీఎన్‌జీ ఉన్నవాళ్లకు ఒక సుళువు ఉంది. గ్యాస్ మీద, పెట్రోలు మీద మార్చి మార్చి చూడండి. పెట్రోలు మీదే వణికితే పెట్రోలు వైపు, రెండిటి మీదా వణికితే గాలి, నిప్పు వైపు. గ్యాస్ మీద మాత్రమే అంటే కిట్‌ను అనేముందు ప్లగ్గులు చూడండి. గ్యాస్ అంటుకోవడానికి నిప్పు ఇంకా గట్టిగా కావాలి, పెట్రోలుకు సరిపోయే పాత ప్లగ్గు దానికి సరిపోదు.

థ్రాటిల్ మసి సంగతి. తాళం తీసేసి, గాలి గొట్టం విప్పితే గుండ్రటి రేకు తలుపు కనబడుద్ది. అంచు చుట్టూ నల్లటి జిగురు ఉంటే థ్రాటిల్ క్లీనర్‌ను మెత్తటి గుడ్డ మీద కొట్టి తుడవండి. వైరు లేకుండా మోటారుతో నడిచే కొత్త రకం థ్రాటిల్‌ను వేలితో బలవంతంగా తెరవొద్దు. లోపలి పళ్లు విరిగితే మొత్తం మార్చాలి. తుడిచాక ఐడిల్ కొంచెం ఎక్కువగా ఉంటే కంగారు పడొద్దు. ఇన్నాళ్లూ మసికి అలవాటుపడిన కంప్యూటర్ కొత్త లెక్క నేర్చుకోవాలి. పది నిమిషాలు ఏసీ లేకుండా, కాసేపు ఏసీతో వదిలేయండి. అప్పటికీ దిగకపోతే స్కానర్ ఉన్న మెకానిక్ రీసెట్ చేస్తారు. ఈ క్లీనర్ పట్టిన గుడ్డలు, ఆ చేతులు ఆకు దగ్గరికి రానీయొద్దు. సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, బట్టలు మార్చుకుని షెడ్డులోకి వెళ్లండి. ఆ రోజు అదే బండిలో ఆకు వేయొద్దు.

పెట్రోలు గురించి గ్రూపులో వాదన జరిగింది కాబట్టి ఒక మాట. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసినది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, నీరు మితిమీరితే పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతుంది. అందుకే పాత బండిని పావు ట్యాంకుతో పంటకాలమంతా నిలబెట్టడం మన చెమ్మకు మంచిది కాదు. అలాగని ప్రతి వణుకునూ ఇథనాల్ మీదికి తోసేయడం మేము ఒప్పుకోం, అంతకన్నా ఎలుకలు చేసే నష్టమే మేము ఎక్కువ చూశాం. యానాంలో రేటు తక్కువని ప్లాస్టిక్ డబ్బాల్లో పట్టుకెళ్లి దాచేవాళ్లు ఉన్నారు. అగ్గి ప్రమాదం ఒకటి, డబ్బా అడుగున నీరు, మట్టి చేరి ఇంజెక్టర్ మూసుకోవడం ఒకటి. ట్యాంకులో పోయించుకోండి, డబ్బాలో వద్దు.

ఇవన్నీ చూశాక కూడా ఒకే సిలిండర్ తప్పుతుంటే కంప్రెషన్ పరీక్ష చేయించాలి. అది వాల్వుల పనో, రింగుల పనో తేలుద్ది. అక్కడినుంచి మన చేతి పని కాదు, మంచి మెకానిక్ గారికి అప్పగించండి.

ఎప్పుడు చూడాలి? నాలుగో జ్వరం రోజు. పురుగు మేత తినదు, మనకు ఒక రోజు చేయి ఖాళీ. అప్పటి నుంచి ఐదో దశ ఏడెనిమిది రోజులు, గూడు కట్టాక మరో వారం. కాకినాడ నుంచి సామాను తెప్పించి వేయడానికి రెండు వారాల టైము దొరుకుద్ది. చంద్రికల నుంచి గూళ్లు విడదీసే రోజున బండి బానెట్ ఎత్తితే ఏ మెకానిక్ అయినా తొందరపనే చేస్తాడు.

దారిలోనే మొదలైతే ఏసీ ఆపేయండి, పక్కకు తీసి నిలపండి. చెక్ లైటు వెలిగి ఉంటే మెల్లగా మార్కెట్ దాకా పోవచ్చు. అదే లైటు టపటపా ఆరి వెలుగుతుంటే మిస్సింగ్ బాగా ఎక్కువగా ఉందని అర్థం. అలాగే తోలితే కన్వర్టర్ ఎర్రగా కాలిపోద్ది. ఇంకో బండి పిలిచి గూళ్లు మార్చుకోవడమే చవక. రాత్రిపూట మార్కెట్ బయట అద్దాలు మూసి, ఏసీ వేసి, ఐడిల్‌లో పెట్టి నిద్రపోయే అలవాటు కొందరికి ఉంది. బండి మంచిదైనా అది ప్రమాదమే. సరిగా కాలని ఇంజిన్ అయితే పొగలో విషవాయువు ఇంకా ఎక్కువ, దానికి వాసన కూడా ఉండదు. అద్దాలు దించి, ఇంజిన్ ఆపి పడుకోండి, దోమలకు ఒక దుప్పటి తెచ్చుకోండి.

ఇకమీదట గ్రూపులో అడిగేటప్పుడు "బండి వణుకుతోంది" అని ఒక్క ముక్క పెట్టకుండా ఇవి కలిపి రాయండి: ఏ బండి, ఏ సంవత్సరం మోడల్, పెట్రోలా గ్యాసా, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, ముల్లు కదులుతోందా లేదా, బ్రేకు తొక్కితే ఏమవుతోంది. ఐడిల్ చప్పుడు అర నిమిషం ఆడియో పెడితే మరీ మంచిది. ప్లగ్గులు విప్పితే వరసగా పెట్టి ఫోటో తీయండి.